నాలుగో జ్వరం

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఉగాది వెళ్ళిన పదకొండో రోజున, ఇళ్ళలో తెలుగు, కచేరీల్లో కన్నడం నడిచే చిక్కబళ్ళాపురం జిల్లాలోని ఒక తాలూకు జైలుకు జైలరుగా చార్జి తీసుకున్నాను. నా సర్వీసులో అది ఏడో జైలు, ఆఖరిది కూడా. అంతకుముందు పెద్ద జైళ్ళలో ఆడవాళ్ళ విభాగాలు చూసినదాన్ని. మగవాళ్ళ జైలు ఒకటి పూర్తిగా నా చేతికి రావడం అదే మొదలు. నేను చార్జి కాగితం మీద సంతకం పెడుతుంటే హెడ్ వార్డరు మునిశామప్ప తలుపు దగ్గర నిలబడి ఎగాదిగా చూశాడు. ఈమె మాట ఖైదీలు వింటారా అని అతని దిగులు. వారం తిరక్కుండానే ఆ దిగులు తీర్చాను. నా నోరు అలాంటిది.

తాలూకు జైలంటే చిన్న వ్యవహారం. నాలుగు గదులు, ఒక వరండా, వంటిల్లు, వెనక నీళ్ళ తొట్టి. కేసు తేలక విచారణలో ఉన్నవాళ్ళనూ, చిన్న శిక్షలు పడ్డవాళ్ళనూ అక్కడ ఉంచుతారు. మా జైలును ముప్పై మందికని కట్టారు. సాయంత్రం గదులకు తాళాలు వేసేముందు తలలు లెక్కపెట్టి పుస్తకంలో ఒక అంకె రాస్తాం. దాన్ని లాకప్ సంఖ్య అంటారు. నేను వచ్చిన రోజు అది ఇరవై ఆరు. రెండు నెలలు తిరిగేసరికి యాభై దాటింది.

తాలూకాలో దొంగలేమీ పెరగలేదు. పెరిగినవాళ్ళంతా డ్రైవర్లు. తాగి బండి నడిపినా, మత్తుమందు తీసుకుని నడిపినా మోటారు వాహనాల చట్టంలో ఒకటే సెక్షను. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేకుంటే రెండూ. అన్నాళ్ళూ జరిమానాతో సరిపోయేది. ఆ వేసవిలో మాత్రం మత్తుమందు కేసుల్లో కఠినంగా ఉండమని పైనుంచి ఆదేశం వచ్చింది. రోడ్ల మీద తనిఖీలు మొదలయ్యాయి. తప్పు ఒప్పుకున్నవాళ్ళకు జరిమానా బదులు జైలు పడసాగింది. ఒప్పుకోనివాళ్ళకు బెయిలు ఉంది కానీ, పొలం పహణీ కాగితం పట్టుకుని జామీనుకు వచ్చేవాళ్ళు కావాలి. వాళ్ళు దొరికేదాకా అతిథి మర్యాదలు మావే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తాగినవాడిని గొట్టంలో ఊదిస్తే అక్కడే తేలిపోతుంది. మత్తుమందు అలా తేలదు. రక్తం తీసి బెంగళూరు ల్యాబుకు పంపాలి, ఫలితం రావడానికి వారాలు పడుతుంది. అంతదాకా కేసును నిలబెట్టేవి రెండే: డాక్టరు రాసిన కాగితం, ఆ మనిషి నోటి మాట.

ఆ చట్టం మీద నాకు కోపం లేదని ముందే చెప్పాలి. మా రెండో గదిలో ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. మాత్రలు మింగి నడిపి, సైకిలు మీద పోతున్న మనిషిని గుద్దేశాడు. జైలుకు వచ్చిన రెండో రోజు నుంచి ఒళ్ళంతా వణుకు, వాంతులు. అతన్ని చూసినవాళ్ళెవరూ ఆ చట్టం అక్కర్లేదనరు. నా బాధ వేరే. ముప్పై మంది జైలులో యాభై మందిని పెడితే ఏమవుతుందో ఆదేశం రాసినవాళ్ళకు తెలియదు. ఎండాకాలంలో మా దిక్కున బోర్లు ఎండిపోతాయి. రెండు రోజులకొక ట్యాంకరుతో గడిచే జైలుకు రోజుకొకటి కావలసి వచ్చింది. రాగిముద్ద కెలికే గుండిగ చాలక రెండు వాయిలు చేశారు. కోర్టుకూ ఆసుపత్రికీ తీసుకుపోవడానికి పోలీసుల కాపలా కావాలి. ఆ పోలీసులు తనిఖీల్లో ఉన్నారు. కాబట్టి కాపలా లేక వాయిదాలు, వాయిదాల వల్ల మళ్ళీ జైలులో జనం. నీళ్ళ కోసం రాస్తే "ఉన్నదానితో సర్దుకోండి" అని జవాబు వచ్చింది. సర్దుకోవడం నాకు వచ్చు, నీళ్ళకు రాదు కదా!

అలాంటి ఒక మంగళవారం మధ్యాహ్నం వెంకటరవణప్పను తెచ్చారు. ఊరు బట్లహళ్ళి, వయసు నలభై ఆరు. సొంతంగా చిన్న గూడ్సు బండి నడుపుతాడు. ఊర్లోవాళ్ళ పట్టుగూళ్ళు ఎత్తుకుని శిడ్లఘట్ట మార్కెట్టుకు చేర్చడం అతని జీవనం. సోమవారం తెల్లవారి గూళ్ళు దించి తిరిగి వస్తూ తనిఖీ దగ్గర పెట్టిన ఇనుప అడ్డాన్ని గుద్దాడు. దెబ్బ ఎవరికీ తగల్లేదు. కానీ దిగినవాడు తూలుతున్నాడు, కళ్ళు చింతనిప్పులు. ఏం తీసుకున్నావని అడిగితే నోరు జారాడని పోలీసు కాగితంలో ఉంది.

కొత్త బందీ వస్తే ముందు వారెంటు చూసి, పేరు, తండ్రి పేరు, ఒంటి మీది గుర్తులు, రోగాలు దాఖలాతి పుస్తకంలో ఎక్కించాలి. తర్వాత డాక్టరు సర్టిఫికెట్టు అంటించాలి. అతని సర్టిఫికెట్టు రాసింది సముద్రం దిక్కు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. అందులో ఇలా ఉంది: కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడక నిలకడగా లేదు, సారాయి వాసన లేదు. నాలుగో జ్వరం అయిందంటున్నాడు, ఒంటి వేడి మామూలుగా ఉంది. మూడు రోజులుగా రాత్రీ పగలూ సొప్పు వేశానని చెప్పాడు. మాటలకు పొంతన లేదు.

సొప్పు అంటే కన్నడంలో ఆకు. బెంగళూరు కుర్రకారు భాషలో సొప్పంటే గంజాయి. పోలీసు కాగితంలోనూ అదే ఉంది. "సొప్పు హాకిద మత్తినల్లిద్దె", అంటే గంజాయి వేసిన మత్తులో ఉన్నాను, అని అతనే చెప్పినట్టు కన్నడంలో రాసి, కింద అతని సంతకం. నేను కూడా పుస్తకంలో 'మత్తు పదార్థం: సొప్పు' అని చక్కగా ఎక్కించాను. అంతవరకూ నాకూ ఏమీ తట్టలేదు. ఇది దాచుకోను.

చివరి గడి బంధువులది. బందీ వచ్చిన సంగతి ఇంటికి తెలపాలి. ఎవరికి ఫోను చేయాలని అడిగితే వెంకటరవణప్ప చేతులు జోడించాడు.

"ఎవురికీ చెప్పొద్దమ్మా. చెప్తే నా పెండ్లామూ తమ్ముడూ ఉరికి వస్తారు. పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. వాళ్ళు ఈడికొస్తే ఆడ ఆకు ఎవురేస్తారు?"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

మాది దిబ్బూరహళ్ళి దగ్గర పల్లె. మా అమ్మ పట్టుపురుగుల తట్టల మధ్యే నన్ను పెంచింది. పురుగు పెరిగే కాలంలో నాలుగుసార్లు మేత మాని, కదలకుండా ఉండి, చర్మం విడుస్తుంది. దాన్ని మా దిక్కున జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఆకలి చెప్పనలవి కాదు. వారం ఎనిమిది రోజులు రాత్రీ పగలూ మల్బరీ ఆకు వేస్తూనే ఉండాలి. ఒక్క పూట తప్పితే పంట పోయినట్టే. ఆ వారంలో మా ఇంట్లో చావుకబురు వచ్చినా ఒకరు వెళ్తే ఒకరు ఉండేవారు. కన్నడంలో చెబితే ఆ మేతే సొప్పు. సొప్పు వేయడమంటే పురుగులకు మేత వేయడం.

నేను అంటించిన సర్టిఫికెట్టును మళ్ళీ చదివాను. జ్వరం పురుగులది. సొప్పు పురుగులది. డాక్టరుకు పొంతన లేదని తోచిన ప్రతి మాటకూ మా పల్లెలో పసిపిల్ల కూడా పొంతన చెబుతుంది. ఇక మిగిలింది మత్తు.

"మత్తులో ఉన్న్యానని ఎందుకన్న్యావప్పా?" అని అడిగాను.

"ఉండింది కదమ్మా. మూడు దినాలు కండ్లు మూయలేదు. మత్తుగా ఉండాదా అని అడిగిరి, ఉండాది సార్ అంటిని. అబద్ధం చెప్పేదెట్ల?"

తెలుగులో మత్తంటే నిద్రమత్తూ అవుతుంది, మందు మత్తూ అవుతుంది. కన్నడంలో కునుకుకు మంపరు అని వేరే మాట ఉంది. మత్తంటే అక్కడ మందు మత్తే. వెంకటరవణప్పకు కన్నడం రాక కాదు, బాగా వచ్చు. అదే కొంప ముంచింది. రెండు భాషల్లోనూ ఒకే మాట ఉంటే అర్థం కూడా ఒకటేనని మా దిక్కు మనిషి ధీమాగా వాడేస్తాడు. ఒక్క భాషే వచ్చినవాడైతే ఇలా ఇరుక్కోడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఇతని నోరు జారనేలేదు. జారింది భాష.

అతని ఆలోచన విన్నాక నాకు ఇంకా గాబరా పుట్టింది. శుక్రవారం వాయిదా. ఆ రోజు తప్పు ఒప్పేసుకుని, జరిమానా ఏదో కట్టేసి, గూళ్ళు అల్లే వేళకు ఇంటికి పోవాలని అతని లెక్క. జరిమానాల కాలం పోయిందని అతనికి తెలియదు. ఒప్పుకుంటే జైలు పడుతుంది, లైసెన్సు పోతుంది. ఇరవై రెండేళ్ళు గీత పడకుండా నడిపిన బండి ఇంటి ముందు తుప్పు పడుతుంది. పైగా బట్లహళ్ళిలో జీవితాంతం గంజాయి వెంకటరవణప్ప అవుతాడు. దీన్ని ఆపడానికి మధ్యలో ఉన్నవి రెండు రోజులు.

జైలరుకు వారెంటే వేదం. లోపలికి వచ్చినవాడు నేరం చేశాడా లేదా అన్నది మా పని కాదు. అలా అనుకున్నవాళ్ళే ఈ ఉద్యోగంలో సుఖంగా రిటైరవుతారు. కానీ బందీ తన మాట కోర్టుకు చెప్పుకుంటానంటే, ఆ అర్జీని రాయించి, సంతకం తీసుకుని, పంపే బాధ్యత జైలరుదేనని నిబంధనల్లో ఉంది. జరిమానాల కాలం పోయిందని వెంకటరవణప్పకు చెప్పి, ఒప్పించి, నేను ఆ దారి పట్టాను. బుధవారం మా జైలు డాక్టరు చేత మళ్ళీ పరీక్ష చేయించాను. వణుకు లేదు, వాంతులు లేవు. వచ్చిన సాయంత్రం పడుకున్నవాడు మరునాడు పది దాకా లేవలేదని, లేచి మూడు ముద్దలు తిన్నాడని ఆయనకు మునిశామప్ప చెప్పాడు. ఆయన నవ్వి, నిద్రలేమి అని రాసిచ్చాడు. వారానికొకసారి వచ్చే ఉచిత న్యాయ సహాయం లాయరమ్మను గురువారమే రమ్మన్నాను. అర్జీలో అతని మాటలను అతను అన్నట్టే తెలుగులో, కన్నడ లిపిలో రాశాం. ప్రతి మాట కిందా దాని అర్థం కన్నడంలో. ల్యాబు ఫలితం వచ్చేదాకా ఒప్పుకోలు నమోదు చేయవద్దని చివర ప్రార్థన.

అర్జీ నకలు జిల్లాలోని మా పై అధికారికి పోవాలి. పోయిన గంటకే ఆయన ఫోను. "మీరు జైలరా, లాయరా?" అని అడిగారు. జైలరునే సార్, లాకప్ సంఖ్య యాభై రెండు, అందులో నిద్రపోయినందుకు వచ్చినవాళ్ళు ఎంతమందో తేల్చుకుంటున్నాను అన్నాను. ఆయన "ఏమైనా అయితే మీదే బాధ్యత" అని పెట్టేశారు. రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. విచారణ గిచారణ అంటూ పెన్షను ఆగితే ఏం గతి అని ఆ సాయంత్రం భయపడ్డాను. భయపడ్డా అర్జీని వెనక్కి తీసుకోలేదు.

అదే పూట మరో పని చేశాను. మత్తు కేసులో వచ్చిన మిగతా డ్రైవర్లను ఒక్కొక్కరిని పిలిచి, మత్తంటే ఏందప్పా అని తెలుగులో అడిగాను. ఇరవై మూడు మందిలో నలుగురు నిద్ర అన్నారు. ఒకతను టమాటా లోడుతో రెండు రోజులుగా నడుపుతున్నాడు. ఇంకొకతను జలుబుకు మాత్ర వేసుకున్నాడు. నలుగురిలో ఇద్దరు అప్పటికే తప్పు ఒప్పుకుని శిక్షలో ఉన్నారు. నలుగురి దాఖలాతీ నా చేతిరాతే. ఎవరినీ నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. తెలుగుదాన్ని అయి ఉండీ అడగలేదు. సిగ్గనిపించింది.

శుక్రవారం కాపలా దొరకలేదు. వెంకటరవణప్పను జైలు నుంచే వీడియోలో హాజరుపరిచాం. నా ఆఫీసు గదిలోనే తెర. అతను దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అడిగితే తప్ప నేను మాట్లాడకూడదు. నోరు అదుపులో పెట్టుకోవడం నాకు ఎంత కష్టమో మునిశామప్పకు తెలుసు. నా కుర్చీ వెనకే నిలబడ్డాడు.

మేజిస్ట్రేటు అర్జీని, సర్టిఫికెట్టును పక్కపక్కన పెట్టుకుని చదివారు. నాలుగో జ్వరం ఎవరికి వచ్చిందని కన్నడంలో అడిగారు.

"హుళక్కె, స్వామీ" అన్నాడు. పురుగుకని.

సొప్పు ఎవరికి వేశావని అడిగారు. మళ్ళీ అదే జవాబు. తెర అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. మరి మత్తు ఎవరిది అని అడిగారు. అక్కడ వెంకటరవణప్ప తడబడ్డాడు. ఆ మాటకు కన్నడంలో బదులు మాట అతని నాలుక మీదికి రాలేదు. నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. చివరికి తెలుగులోనే అన్నాడు.

"అది నాదే సామీ. నిద్ర. మూడు దినాల నిద్ర."

జైలరుకు తెలుగు వచ్చునా అని మేజిస్ట్రేటు అడిగారు. లేచి నిలబడి మత్తుకూ మంపరుకూ తేడా రెండు వాక్యాల్లో చెప్పాను. నా సర్వీసులో అంత తక్కువ మాట్లాడి అంత పని జరిపించింది ఇంకెప్పుడూ లేదు.

ఆయన ఒప్పుకోలు నమోదు చేయలేదు. ల్యాబు ఫలితం వచ్చేదాకా సొంత పూచీ మీద విడుదల చేయమన్నారు. కానీ ఒక మాట గట్టిగా అన్నారు. నిద్రపోతూ నడిపినా మనిషి చస్తాడు, అడ్డం బదులు పిల్లవాడు ఉంటే నీ పురుగులు వాడిని బతికించేవా, అని. వెంకటరవణప్ప తల వంచుకున్నాడు. ఆ మాట న్యాయమని నాకూ అనిపించింది.

విడుదల కాగితం సాయంత్రం ఐదింటికి వచ్చింది. వస్తువులు అప్పగిస్తుంటే గోడ మీది క్యాలెండరు చూసి వేళ్ళు మడిచాడు.

"రేపు పురుగు పండుతాదమ్మా. గూళ్ళు అల్లే చంద్రికల తడకలకు ఎక్కించే వేళకు పోతాను" అని చెప్పులు వేసుకోకుండానే గేటు దాటాడు. మునిశామప్ప చెప్పులు పట్టుకుని వెనక పరిగెత్తవలసి వచ్చింది.

ఐదు వారాలకు ల్యాబు నుంచి కాగితం వచ్చింది. రక్తంలో ఏ మత్తుమందూ లేదు. అజాగ్రత్తగా నడిపినందుకు జరిమానా కట్టాడు, అది కట్టవలసిందే. లైసెన్సు నిలిచింది. నిద్ర అన్న నలుగురిలో విచారణలో ఉన్న ఇద్దరూ అదే దారిలో బయటికి వెళ్ళారు. ఆ తర్వాత మా కోర్టులో ల్యాబు కాగితం చూడకుండా మత్తుమందు కేసుల్లో ఒప్పుకోలు తీసుకోలేదు. నిజంగా మందు తీసుకున్నవాళ్ళు లోపలే ఉన్నారు, ఉండవలసినవాళ్ళు. వానాకాలం వచ్చేసరికి లాకప్ సంఖ్య ముప్పై మూడుకు దిగింది. ట్యాంకరు మళ్ళీ రెండు రోజులకొకసారి వచ్చింది. ఏ కొత్త గదీ కట్టకుండా, ఎవరినీ దయతో వదలకుండా, మా జైలు మళ్ళీ మనుషులు పడుకోగల జైలయింది. ఇది నేను చేసిన పనేనని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

దాఖలాతి పుస్తకంలో నేను ఒక గడి పెంచాను. 'బందీ చెప్పిన మాట, అతని భాషలో.' లాయరా అని అడిగిన అధికారే ఆ నమూనా తెప్పించుకుని, తన సంతకంతో బాగేపల్లి, గౌరిబిదనూరు దిక్కు బందీలు వచ్చే జైళ్ళన్నిటికీ పంపారు. నా పేరు పెట్టలేదు. గడి పెట్టారు, చాలు.

శిక్షలో ఉన్న ఇద్దరి సంగతి మిగిలింది. లాయరమ్మ ఇద్దరి చేతా అప్పీలు వేయించింది. ఒకతను దాని మీద విడుదలయ్యాడు. రెండో అతను తొండేభావి మనిషి. అప్పీలు విచారణకు వచ్చేలోగానే అతని రోజులు నిండిపోయాయి. ఒక్క రోజు కూడా తగ్గకుండా పూర్తి చేసి వెళ్ళాడు. అతని పేరు ఎదురుగా 'మత్తు పదార్థం' అని నా చేతిరాతలోనే ఉంది. దాన్ని కొట్టేసే అధికారం జైలరుకు లేదు.

ఈ ఉద్యోగానికి కొత్తగా వచ్చేవాళ్ళు శిక్షణలో ఏం నేర్చుకోవాలని నన్ను అడుగుతుంటారు. జైలులో గేటు కంటే ముందు తెరుచుకునేది పుస్తకం. చట్టం ఎంత కఠినమైతే ఆ పుస్తకంలో రాసే మాట అంత బరువవుతుంది. కాబట్టి రాసేముందు ఆ మాటకు అర్థమేమిటో, అన్నవాడినే ఒకసారి అడగండి. అందుకు పట్టేది అర నిమిషం. తొండేభావి మనిషి దగ్గర నేను మిగుల్చుకున్నది కూడా ఆ అర నిమిషమే.